పాస్‌పోర్టులో పాత జిల్లా

(గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చిన కుటుంబాల వారు కోరుట్లలో ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన ఇరుగుపొరుగు నుంచి వచ్చిన హిందూ సోదరులు కూడా సభలో ఉన్నారు. గల్ఫ్ మాట ఎత్తినప్పుడు వారు లేనిదే సభ నిండదు. ఒకే గదిలో పై మంచం మీద ఒకరు, కింది మంచం మీద మరొకరు పడుకున్న రోజులు మీకే బాగా తెలుసు.

నేను గల్ఫ్‌లో పని చేసినవాణ్ణి కాను. ఉమ్రాకు వెళ్ళినప్పుడు మక్కా మదీనాల్లో గడిపిన పదిహేను రోజులను గల్ఫ్ అనుభవమంటే మీరు నవ్వుతారు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. మీరు పోయేటప్పుడు నివాస ధ్రువపత్రం కోసం మా కిటికీ దగ్గరికే వచ్చారు. తిరిగివచ్చిన తరువాతా అదే కిటికీ దగ్గరికి వచ్చారు. మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచాయి. అందుచేత స్వదేశం ఎట్లా మారిందన్న ప్రశ్నకు నేను కిటికీ ఇవతలి మనిషిగానే సమాధానం చెప్పగలను.

పోయిన కథ మీకు నేను చెప్పనక్కరలేదు. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత ఆ దేశాల్లో నిర్మాణాలు మొదలయ్యాయి. మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారు అప్పటికే బొంబాయికి, భీవండికి పోతున్నారు. బొంబాయి దారి దుబాయి దాకా సాగింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన ప్రాంతపు బతుకును మూడు మాటల్లో చెప్పుకోవడం అప్పటి నుంచే. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దండెత్తినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకువచ్చారు. కట్టుబట్టలతో వచ్చిన వారిలో చాలామంది రెండేళ్ళలోనే మళ్ళీ వెళ్ళిపోయారు. ఆనాటి రాక సెలవు వంటిది. 2017 తరువాతి రాక అటువంటిది కాదు. ఆ ఏడు జులై నుంచి సౌదీ ప్రభుత్వం కుటుంబంలోని ఒక్కొక్క ఆధారితునికి నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న చిరుద్యోగి ఎట్లా భరిస్తాడు? కుటుంబాలు ముందు వచ్చాయి, తరువాత మగవారు వచ్చారు. 2020 మే నుంచి వందే భారత్ విమానాల్లో మిగిలినవారు వచ్చారు. ఈసారి వచ్చినవారు ఉండిపోవడానికే వచ్చారు.

వచ్చినవారు మొదట చూసిన మార్పులను త్వరగా దాటిపోతాను. బేగంపేటలో విమానమెక్కినవారు శంషాబాద్‌లో దిగారు. బస్సు తప్ప గతిలేని ఊరికి పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా రైలు మార్గం వచ్చింది. ముత్యంపేట చక్కెర కర్మాగారం మాత్రం పోయింది. బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడూ 2015 డిసెంబరులో మూతపడ్డాయి. ఊళ్ళో ఉపాధి దొరికితే ఉండిపోవచ్చుననుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది. ఇక మన పిల్లల సంగతి చూడండి. ఇరవై ఏళ్ళు అక్కడి అన్నం తిని విసిగి, ఇంటికి పోయి ఖట్టీ దాల్ తింటానని వచ్చిన ఒక పెద్దమనిషిని, కొడుకు మొదటిరోజే మండీ హోటలుకు తీసుకుపోయాడట. ఆయన నాతో చెప్పి నవ్వాడు గానీ ఆ నవ్వులో కొంత బాధ కూడా ఉంది.

రోడ్లు, రైళ్ళు, హోటళ్ళు కంటికి కనబడే మార్పులు. వాటికి మనిషి పది రోజుల్లో అలవాటు పడతాడు. నేను చెప్పదలచుకున్నది కంటికి కనబడని మార్పు. మీరు విడిచిపోయిన ఊరు మనుషులను ముఖం చూసి గుర్తుపట్టేది. ఫలానా సాహెబు కొడుకు, ఫలానా చెరువు కింద రెండెకరాలు, ఫలానా గల్లీలో ఇల్లు అని పట్వారీకి తెలుసు, మస్కూరికి తెలుసు. 1984లో పట్వారీ పోయాడు. 1985లో తాలూకా పోయి మండలం వచ్చింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి కూడా పోయాడు. వారంతా పుణ్యపురుషులని నేననను. వారి చేతివాటం ఎంతటిదో ఆ శాఖలో పనిచేసిన నాకు తెలుసు. కానీ వారి జ్ఞాపకంలో మీరు ఉండేవారు. ఇప్పటి ఊరు మనిషిని రికార్డు చూసి గుర్తుపడుతుంది. రికార్డు రాసిన రోజున మీరు ఊళ్ళో లేరు.

2014 ఆగస్టు 19 నాడు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఒక్కరోజులో రాష్ట్రమంతా లెక్క. ఆనాడు ఇంట్లో లేకుంటే లెక్కలో ఉండమన్న భయంతో బొంబాయి, భీవండి, సూరత్‌ల నుంచి జనం రైళ్ళకు వేలాడుతూ వచ్చారు. నేను ఆ రోజు గణకునిగా ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో ముసలి తల్లి గోడమీది కొడుకు ఫోటో తీసి నా ముందు పెట్టింది. రియాద్‌లో ఉన్నాడు, వీణ్ణి కూడా రాయి నాయనా అన్నది. ఆమె అడిగింది ఉపకారం కాదని నాకప్పుడే తోచింది.

ఇప్పుడు మీ పాస్‌పోర్టు సంగతికి వద్దాం. పది సంవత్సరాలకొకసారి రాయబార కార్యాలయంలోనే కొత్తది చేయించుకున్నవారున్నారు. అందులో చిరునామా కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న జిల్లా మారింది. కొందరికి మండలం కూడా మారింది. మనిషి కదలలేదు, ఇల్లు కదలలేదు. అయినా పాస్‌పోర్టు ఒక చిరునామా చెబుతుంది, ఆధార్ మరొకటి చెబుతుంది. బ్యాంకులో కూర్చున్న పాతికేళ్ళ కుర్రవాడికి జగిత్యాల ఒకప్పుడు కరీంనగర్‌లో ఉండేదని తెలియకపోవచ్చు. అతని తప్పు లేదు, కంప్యూటరు రెండు పేర్లనూ ఒకటిగా చూడదు.

చిరునామా కన్నా పెద్ద చిక్కు పేరు. మన సమాజంలో దీనికి ఇవ్వవలసిన ప్రాముఖ్యం ఇవ్వలేదని నా అభిప్రాయం. బడిలో చేర్పించిన రోజున పంతులుగారు మహమ్మద్‌ను ఎం.డి. అని రెండక్షరాల్లో రాశారు. పాస్‌పోర్టు ఏజెంటు దాన్ని విడమరచి తనకు తోచిన వర్ణక్రమంలో రాయించాడు. ఆధార్ కేంద్రంలో ఇంకొక విధంగా పడింది. షేక్ అన్న మాటకు ఇంగ్లీషులో నాలుగు విధాల రాత నేను చూశాను, ఒకే ఇంట్లో, నలుగురు అన్నదమ్ముల కాగితాల్లో! ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా ఉండాలన్న అలవాటు మనలో చాలామందికి లేదు. 2022 నవంబరులో యు.ఎ.ఇ. ప్రభుత్వం పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే సందర్శక వీసా మీద రానివ్వబోమన్నప్పుడు విమానాశ్రయం నుంచి వెనుదిరిగినవారి బాధ మీకు గుర్తుండే ఉంటుంది. అది పరాయి దేశం సంగతి. సొంత దేశంలో పేరులోని ఒక అక్షరం ఏం చేయగలదో అస్సాం చూపించింది. 2019 ఆగస్టు 31న వెలువడిన అక్కడి పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దొరకలేదు. అందులో అన్ని మతాల వారూ ఉన్నారు. తాత పేరు ఒక కాగితంలో ఒక విధంగా, మరొక కాగితంలో మరొక విధంగా ఉన్నందుకు ఏళ్ళ తరబడి తిరిగినవారున్నారు. కాగితంలో ఖాళీ ఎవరికైనా నష్టమే. మన పేర్లు ఉన్నవారికి ఆ ఖాళీ అనుమానంగా కూడా మారుతుంది. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

భూమి సంగతి కొంచెం విపులంగా చెబుతాను. ఇది నా వృత్తి, మీలో ఎక్కువమంది నన్ను అడిగేదీ ఇదే.

గల్ఫ్ డబ్బుతో మనవారు చేసిన మొదటి పని అప్పు తీర్చడం, రెండవది ఇల్లు, మూడవది ఎకరమో రెండెకరాలో కొనడం. ఆ కొనుగోళ్ళలో ఎక్కువ భాగం తెల్లకాగితం మీద జరిగింది. దీన్నే సాదా బైనామా అంటాం. రిజిస్ట్రేషను ఖర్చు ఎందుకు, ఊళ్ళోవాడే కదా అన్నారు. కొన్నవాడు జిద్దాలో, సంతకం పెట్టింది తమ్ముడో బావమరిదో. భూమి తమ్ముడు దున్నాడు, లేదా అమ్మినవాడే కౌలుకు చేశాడు. అప్పుడు పహాణీలో రెండు గళ్ళుండేవి, ఒకటి పట్టాదారుది, మరొకటి అనుభవదారుది. పట్టా మారకపోయినా అనుభవ కాలమ్‌లో మీ పేరో మీ తమ్ముడి పేరో ఉండేది. కోర్టులో అది ఎంతో కొంత ఆసరా.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలయింది. కొత్త పాసుపుస్తకాలు పాత పట్టాదారు పేరుతో, అతడు చనిపోయి ఉంటే కొడుకుల పేర్లతో వచ్చాయి. అనుభవ కాలమ్ ఎత్తివేశారు. 2018 మేలో రైతుబంధు వచ్చింది, పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. ఆ డబ్బు పాసుపుస్తకం ఉన్నవాని ఖాతాలో పడింది. అంతవరకు ఈ భూమి మా నాయన ఫలానా సాహెబుకు అమ్మాడు అని నిజాయితీగా చెప్పిన కొడుకులు కూడా, ఖాతాలో రెండు పంటల డబ్బు పడిన తరువాత గొంతు మార్చారు. భూమి ధర పెరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమయింది. దానిలో పేరు ఉన్నవాడు మీ భూమిని రెండవసారి అమ్ముకోవడానికి ఒక పూట సరిపోయేది.

ఇక గడువు మాట. సాదా బైనామాల క్రమబద్ధీకరణకు 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. ఆ నెలరోజుల్లో మీరెక్కడున్నారో గుర్తు చేసుకోండి. కొందరు లేబర్ క్యాంపుల్లో, కొందరు ఔట్‌పాస్ కోసం వరుసల్లో ఉన్నారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆ గడువులో దరఖాస్తు చేసుకున్న సన్నకారు, చిన్నకారు రైతులకే దారి ఇచ్చింది. 2014 జూన్ 2కు ముందు కొని ఉండాలి, పన్నెండేళ్ళుగా స్వాధీనంలో ఉండాలి. దేశంలో లేని కారణంగా దరఖాస్తు చేసుకోలేకపోయిన వారికి ప్రత్యేకంగా మరొక గడువు ఇవ్వాలని మనం అడగాలి. ఇది భిక్ష కాదు. ఆ నెలలో మామూలు విమానాలు నడపనిది మీరు కాదు.

ఇక్కడ మన ఇంటి తప్పు కూడా చెబుతాను, కోపగించుకోవద్దు. తండ్రి చనిపోయిన తరువాత విరాసత్ రాయించేటప్పుడు, దుబాయిలో ఉన్న అన్న సంతకం రావడం ఆలస్యమని ఇక్కడి తమ్ముడు తన ఒక్కని పేరు రాయించుకున్న ఇళ్ళున్నాయి. తిరిగివచ్చిన అన్న లబోదిబోమని నా దగ్గరికి వస్తాడు. కాగితాలు తీసి చూస్తే ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పేర్లు కూడా ఉండవు. వారి గురించి అన్న అడగడు, తమ్ముడు చెప్పడు. కూతురి వాటా మన ధర్మంలో దానం కాదు, నిర్ణయమైన హక్కు. తన వాటా పోయిందని వచ్చిన అన్నకు నేను సాయం చేస్తాను. అయితే దరఖాస్తులో చెల్లెళ్ళ పేర్లు కూడా రాస్తేనే చేస్తాను. ఈ షరతు విని తిరిగి రానివారూ ఉన్నారు.

డబ్బు సంగతి ఒక్క మాట. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. బయటి దేశంలో ఉన్నవారికి 2017 జూన్ 30 వరకు గడువిచ్చారు, మనిషికి 25,000 వరకే. మార్చుకోవడానికి ముంబయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగపూర్ రిజర్వ్ బ్యాంకు కార్యాలయాలకు పోవాలి. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. రెండేళ్ళకొకసారి సెలవు దొరికే మనిషి ఆ లోపల రాలేదు. ట్రంకు పెట్టె అడుగున ఖురాన్ గుడ్డలో చుట్టిపెట్టిన నోట్లను 2018లో నాకు చూపించిన వారున్నారు. వాటిని పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడానికి కూడా వారికి చేతులు రాలేదు.

ఓటు విషయంలో మనవారికి తెలియనిది చాలా ఉంది. 2010లో చట్టం సవరించి విదేశంలో ఉన్న భారత పౌరునికి తన పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న చోట ఓటరుగా నమోదయ్యే హక్కు ఇచ్చారు. ఫారం 6-ఎ దానికోసమే. ఓటు వేయడానికి స్వయంగా రావాలి గనుక ఎవరూ పట్టించుకోలేదు. దాని విలువ పోలింగు రోజున మాత్రమే తెలిసేది కాదు. బీహార్‌లో 2025లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయినవారు, రెండుచోట్ల ఉన్నవారితో పాటు శాశ్వతంగా తరలిపోయినవారు అని ఒక కారణం చూపారు. వలస పోయినవాడు శాశ్వతంగా పోయినవాడా కాదా అన్నది ఆ రోజు ఇంటి తలుపు తట్టిన వ్యక్తి రాసే మాట మీద ఆధారపడుతుంది. ఇంట్లో ఉన్నవారు జవాబు చెప్పడం నేర్చుకోవాలి. బతుకుదెరువుకు పోయాడు, ఇల్లు ఇదే అని చెప్పాలి. ఎక్కడో దుబాయిలో ఉంటాడు అని ఊరుకుంటే, ఆ మాటే జాబితాకెక్కుతుంది.

ఇప్పుడు ఇంటి లోపలికి వెళదాం. తిరిగివచ్చిన మగవారు నాతో చెప్పుకునే బాధ, నా ఇంట్లోనే నేను అతిథిలాగా ఉన్నాను అని. నిజమే. మీరు లేని ఇరవై ఏళ్ళు మీ ఇంటి యజమాని మీ భార్య. బీడీలు చుట్టింది. పిల్లలను చదివించింది. 2016లో మైనారిటీ గురుకులాలు తెరిచినప్పుడు కూతురిని చేర్పించడానికి దరఖాస్తు పట్టుకుని ఆమే తిరిగింది. షాదీ ముబారక్ కాగితాలకు మా కిటికీ దగ్గర నిలబడింది. ఆడపిల్లను అంతదూరం హాస్టలుకు పంపవద్దని మీరు ఫోనులో అరిచినా, ఆమె పంపింది. ఆ పిల్ల ఈరోజు నర్సింగు చదువుతున్నది. వచ్చిన నెలలోనే బీరువా తాళం అడగడం ఎందుకు? కొన్నాళ్ళు ఆమెతో పాటు బ్యాంకుకు, రేషను దుకాణానికి పోయి చూడండి. ఊరు ఎట్లా మారిందో మీకు చెప్పగల మనిషి ఆమే.

ఊరి నడుమ సంబంధాలు కూడా మారాయి. మీరు పోయేనాటికి మొహర్రంలో పీర్ల చావిడి ముందు గుండం చుట్టూ ఊరంతా ఆడేది. పీరును ఎత్తుకునేవారిలో మన సాటి గౌడులు, ముదిరాజులు ఉండేవారు. ఇప్పుడు కొన్ని ఊళ్ళలో చావిడికి తాళం పడింది. ఇది మన ధర్మంలో లేదని మనలో కొందరన్నారు. ఇది మనది కాదని వారిలో కొందరన్నారు. ధార్మిక చర్చకు నేను పండితుణ్ణి కాను. ఒక ఆచారం మానుకున్నప్పుడు దానితో పాటు ఇరుగుపొరుగును కలిపిన సందర్భం కూడా పోయింది, దాని చోటులో మరొకటి మనం పెట్టలేదు అన్నది మాత్రం చూస్తున్నాను. ఫోనుల్లో తిరిగే విషపు మాటలు ఆ ఖాళీలోకే వచ్చి కూర్చున్నాయి. ఒకే క్యాంపులో ఒకే కుండలో వండుకు తిన్నవారు మీరు. మీ మాట ఊళ్ళో చెల్లుతుంది. ఈ సభకు వచ్చిన హిందూ సోదరులను పిలిచింది కమిటీ కాదు, వారితో పాటు పనిచేసినవారు. నాకు అందులో ఆశ కనబడింది.

ప్రభుత్వం గురించి చెప్పి ముగిస్తాను. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఎన్నో ఏళ్ళ అడుగుదల తరువాత వచ్చిన మేలు అది, కాదనను. శవపేటికలో వచ్చినవారికి లెక్క ఉంది. నడిచి వచ్చినవారికి ఏముంది? కేరళలో 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ ఏర్పడింది. 2008 చట్టం కింద సంక్షేమ బోర్డు ఉంది. చందా కట్టినవారికి అరవై ఏళ్ళు నిండాక పింఛను వస్తుంది. తిరిగివచ్చి చిన్న వ్యాపారం పెట్టుకునేవారికి రుణంలో సబ్సిడీ పథకం ఉంది. అక్కడివారు ఎక్కువ పోయారు గనుక అనవద్దు, అక్కడివారు సంఘటితంగా అడిగారు గనుక. మనం బోర్డు అడగాలి, పింఛను అడగాలి, భూమి దరఖాస్తులకు గడువు అడగాలి. ముస్లింల కోసమని కాదు, తిరిగివచ్చిన ప్రతివారి కోసం అడగాలి.

2027 మార్చి 1 ప్రమాణ తేదీగా జనగణన జరగబోతున్నది. ఆలోపల మన పేర్లు సరిచేసుకోవాలి. ప్రతి శుక్రవారం అసర్ నమాజు తరువాత ఈ హాలులోనే ఇద్దరం విశ్రాంత ఉద్యోగులం కూర్చుంటాం. రుసుము లేదు. వచ్చేటప్పుడు పాస్‌పోర్టులన్నీ తీసుకురండి, రద్దయి మూల కత్తిరించినవి కూడా. పాత ఇకామా ఉంటే తెండి, బడి టి.సి. ఉంటే తెండి, 2017కు ముందటి పహాణీ నకలు ఎవరింట్లోనైనా ఉంటే తప్పక తెండి. కాగితాలు చదవడం రాదని సంకోచించవద్దు, చదవడానికి మేమున్నాం. ఇంట్లో ఆడవారిని కూడా వెంట తీసుకురండి. ఏ కాగితం ఏ పెట్టెలో ఉందో వారికే తెలుసు.